అమ్మ పాటలు ఇంట్లోనే రికార్డ్ చేద్దామని మైకు కొన్నాను, గొంతేమో బావిలోంచి వస్తున్నట్టుంది, కొత్తవాణ్ణి, కాస్త దారి చెప్పండి

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం అండీ. ఇక్కడ కొత్తగా చేరాను. రెండు వారాల నుంచి పాత పోస్టులు చదువుతానే ఉన్నాను, సగం అర్థమయ్యి సగం అవ్వక ఇంక అడిగేద్దామని అడుగుతున్నా, తెలీక తప్పుగా అడిగితే ఏమీ అనుకోకండి.

మాది తణుకు దగ్గర చిన్న ఊరు. నాకు సంగీతం రాదు, పాడేది మా అమ్మ. 71 ఏళ్ళు. మంగళహారతులు, గొబ్బి పాటలు, నలుగు పాటలు, తలంబ్రాల పాటలు, గంటసేపు సాగే రామాయణం పాటలు, ఎన్ని వచ్చో ఆవిడకే లెక్క తెలీదు. ఎక్కడా రాసుకున్నది లేదు, అన్నీ మా అమ్మమ్మ దగ్గర విని పట్టినవే. పోయినేడు మా పెద్దమ్మ కాలం చేసింది. పన్నెండో రోజున అందరం అరుగు మీద కూర్చుంటే అమ్మ ఊరికే అన్నట్టు అంది, అక్కకి వచ్చిన పాటల్లో సగం నాకు రావురా అని. అది విన్నాక ఇంక ఆగాలనిపించలేదు.

సరే, ఆన్‌లైన్‌లో చూసి ఒక కిట్ తెప్పించాను. కండెన్సర్ మైకు, టేబుల్‌కి బిగించే చెయ్యిలాంటి స్టాండు, నల్ల స్పాంజి టోపీ, ఒక కేబులు. కేబులు ఒక చివర మైకుకి, రెండో చివర ఇయర్‌ఫోన్ పిన్నులా ఉంది, దాన్ని లాప్‌టాప్‌కి పెట్టాను. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను, డబ్బుల్లేకుండా వస్తుందని. అమ్మని కూర్చోబెట్టి పాడించాను. వింటే ఏముంది, గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది, ఫ్యాను మాత్రం పక్కనే కూర్చుని పాడినట్టుంది. వాల్యూం పెంచితే చింతపండు పులుసు పొంగినట్టు బుస్సుమని శబ్దం. మైకు మూతికి ఇంకా దగ్గరగా పెట్టి చూశాను, ఏమీ తేడా లేదు, అదే నాకు వింతగా ఉంది.

మా ఫ్రెండు ఒకడు కోడిగుడ్ల అట్టలు గోడలకి అంటించమన్నాడు, ఇంకొకడు సౌండ్ కార్డ్ లేకుండా ఏ మైకూ పనిచెయ్యదు అన్నాడు. ఇప్పటికే ఇంట్లో ఆవిడ నా వంక అదోలా చూస్తోంది. మళ్ళీ ఖర్చు పెట్టేముందు అడుగుదామని. మైకు దండగేనా? గది బాగు చేయించాలా? ఇంకో మాట, అమ్మ హెడ్‌ఫోన్స్ పెట్టుకోదు, చెవుల మీద బోర్లించిన గిన్నెల్లా ఉన్నాయి తియ్యరా అంది.


చెవిలోజోరీగ:

గుడ్లు ఆమ్లెట్ వేసుకోండి, అట్టలు చెత్తబుట్టలో వేసెయ్యండి. అవి పల్చటి కాగితపు గుజ్జు, బయటి శబ్దాన్ని ఆపవు, లోపలి గుమ్‌గుమ్‌ని కూడా పీల్చవు, పైపైన కొంచెం ఉస్‌ అనే శబ్దాన్ని చెదరగొడతాయి అంతే. దానికితోడు బొద్దింకలకి మంచి కాలనీ.

మీ పోస్టులో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం మీరే రాసి దాటేశారు. మైకు దగ్గరగా జరిపినా తేడా లేదు అన్నారు చూడండి, అక్కడే ఉంది విషయం. మీరు చెయ్యాల్సింది ఒకటే పని. ఆడాసిటీలో రికార్డ్ నొక్కి మైకు జాలీ మీద గోరుతో గీకండి. తర్వాత లాప్‌టాప్ కీబోర్డు దగ్గర, స్క్రీన్ పై అంచు దగ్గర గీకండి. ఎక్కడ గీకితే బర్రుమని గట్టిగా పడిందో చెప్పండి. మిగతా మాటలు ఆ తర్వాత.


ఓరుగల్లు డప్పు:

అన్నా నమస్తే, మంచి పని పెట్టుకున్నవ్. నేను గూడ గిట్లనే షురూ చేసిన. మా బాపు ఒగ్గుకథ చెప్తడు, జనగామ దిక్కు. ముందుగాల నువ్వు గా కిట్టు గిట్టు పక్కకు పెట్టి నీ ఫోన్ల ఒక్కపాట తీసి చూడు. ఫోన్ ఏరోప్లేన్ మోడ్ల పెట్టు, లేకుంటే నడిమిట్ల కాల్ వస్తది, అమ్మ ఆపేస్తది, మళ్ల గా పాట గట్ల రాదు. ఫోన్ చేతుల పట్టుకోకు, దిండు మీదనో మడిచిన తువ్వాల మీదనో పెట్టు, మైకు ఉన్న కింది అంచు అమ్మ దిక్కు ఉండాలె. ఫ్యాన్ బంద్ చెయ్యి.

మా బాపు డోలు కొట్టంగనే ఫోన్ గొంతు పలిగి చిరిగిపోతుండె, అందుకని నాకు ఫోన్ పని చెయ్యలె. ఒక్క ఆడమనిషి గొంతుకైతే ఇప్పటి ఫోన్లు తక్వేం కాదు. సామాన్ తర్వాత కొనుక్కోవచ్చు, ముందు రెండు మూడు పాటలైతే భద్రం చేస్కో.


గోదారిగట్టు:

జోరీగ గారూ మీకు దణ్ణం. మైకు మీద గీకితే ఏమీ లేదు. లాప్‌టాప్ స్క్రీన్ పైన కెమెరా పక్కన గీకితే చెవులు పగిలాయి. అంటే పది రోజుల నుంచి అమ్మ చేత ఆ కొత్త మైకుకి పాడిస్తూ లాప్‌టాప్‌లో ఉన్న మైకుతో రికార్డ్ చేస్తున్నానన్నమాట!! అమ్మకి చెప్తే పడీ పడీ నవ్వింది.

ఆడియో సెటప్‌లో చూస్తే రికార్డింగ్ డివైస్ దగ్గర లాప్‌టాప్ మైకు ఒక్కటే కనిపిస్తోంది, కొత్త మైకు పేరే లేదు. అదెందుకో?

డప్పు అన్నా, మీరు చెప్పినట్టు ఫోన్లో ఒక హారతి తీశాను. నిజం చెప్పాలంటే కిట్ కంటే అదే నయంగా ఉంది.


చెవిలోజోరీగ:

నవ్వుకోండి పర్లేదు, మా దగ్గర చేరిన ప్రతి పదిమందిలో ఇద్దరు ముగ్గురు ఇదే చేసి వస్తారు. నేను కూడా 2011లో ఒక వారం చేశాను, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మీ లాప్‌టాప్‌కి ఒకటే చిన్న రంధ్రం ఉంది కదా, ఇయర్‌ఫోనూ మైకూ రెండిటికీ అదే. ఫోన్‌తో వచ్చే ఇయర్‌ఫోన్ పిన్ను చూడండి, దానిమీద మూడు నల్ల గీతలు ఉంటాయి. మీ కిట్ కేబుల్ పిన్ను చూడండి, రెండే గీతలుంటాయి. రెండు గీతల పిన్ను పెడితే లాప్‌టాప్ దాన్ని ఉత్త హెడ్‌ఫోన్ అనుకుంటుంది, మైకు వచ్చిందని దానికి తెలీనే తెలీదు, తన మైకుతో తను పని కానిచ్చేస్తుంది. మొబైల్ షాపులో మైకూ హెడ్‌ఫోనూ విడదీసే స్ప్లిటర్ అని అడిగితే ఇస్తాడు, వంద రెండొందల వస్తువు. అది పెడితే కనిపిస్తుంది.

కానీ కనిపించగానే పండగ చేసుకోకండి. కండెన్సర్ మైకు తనంతట తను పనిచెయ్యదు, దానికి కరెంటు కావాలి. స్టూడియోల్లో 48 వోల్టులు ఇస్తారు, దాన్నే ఫాంటమ్ పవర్ అంటారు. లాప్‌టాప్ రంధ్రంలోంచి వచ్చేది రెండు మూడు వోల్టులు. బక్కెద్దుకి కుడితి పెట్టకుండా నాగలి కట్టినట్టు, లాగుతుంది గానీ ఈడుస్తుంది. సన్నగా వస్తుంది, మీరు పెంచుతారు, పెంచితే బుస్సు. మీ రెండో ఫ్రెండు చెప్పింది సగం నిజం, ఆ మైకుకి 48 వోల్టుల మీట ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి, అంటే మైకుకీ లాప్‌టాప్‌కీ మధ్య పెట్టే చిన్న పెట్టె. ఒక్క గొంతే కాబట్టి ఒక్క మైకు పెట్టేది చాలు, ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, బెహ్రింగర్ యూఎం2 లాంటివి, సెకండ్‌హ్యాండ్‌లో బోలెడు దొరుకుతాయి, ఎందుకంటే లాక్‌డౌన్‌లో కొన్నవాళ్ళు చాలామంది తర్వాత అమ్మేశారు. కొంటే కిట్‌తో వచ్చిన కేబులు వాడకండి, ఒక వైపు మూడు పుల్లలు, రెండో వైపు మూడు రంధ్రాలు ఉండే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబులు విడిగా తీసుకోండి.

ఇంకోటి, ఆ మైకు నెత్తి మీద పాడించకండి. ఈ రకం మైకులు పక్క నుంచి వింటాయి, కంపెనీ గుర్తు ఏ వైపు ఉంటే మొహం ఆ వైపు ఉండాలి. రాజకీయ నాయకుల చేతిలో చూసే మైకులా కొన వైపు కాదు.

ఇక దూరం. మీరు గది గురించి అడిగారు, గది బాగు చేయించడానికి వేలు పోసేముందు దూరం సర్దండి. రెండడుగుల దూరం నుంచి ఒక అడుగుకి వస్తే గొంతు 6 డిబి (డెసిబెల్స్, శబ్దం కొలత) పెరుగుతుంది, గదిలో కొట్టుకొచ్చే ప్రతిధ్వని మాత్రం దాదాపు ఎంత ఉందో అంతే ఉంటుంది. అంటే రూపాయి ఖర్చు లేకుండా గదిని సగం చేసినట్టు. అమ్మ మూతికీ మైకుకీ మధ్య జానెడు, మరీ గాలి తగులుతుంటే జానాబెత్తెడు. అంతకంటే దగ్గరకొస్తే ఈ మైకుల గుణం ఏంటంటే కింది స్వరం లావెక్కి గొంతు కుండలో పెట్టినట్టవుతుంది, ప, భ, ఫ దగ్గర టప్‌మని పేలుతుంది. మైకు సూటిగా నోటికి కాకుండా కాస్త పక్కగా, గడ్డం ఎత్తులో పెట్టి పైకి చూసేలా తిప్పితే ఆ పేలుళ్ళు సగం పోతాయి. మిగతా సగానికి ఎంబ్రాయిడరీ చట్రానికి పాత నైలాన్ సాక్సు బిగించి మధ్యలో పెట్టండి. నవ్వకండి, ఫిల్టరని అమ్మేది కూడా అదే.

గదిలోకెళ్ళి ఒక్క చప్పట్లు కొట్టండి. చర్రుమని తోక వినిపిస్తే ఆ గది వద్దు, టైల్సు వేసిన కొత్త హాళ్ళన్నీ అంతే. మంచం, బూరుగుదూది పరుపు, బట్టల బీరువా ఉన్న గదిలోకి వెళ్ళండి, బీరువా తలుపులు బార్లా తెరిచి, అమ్మ వెనకాల దండెం మీద రెండు బొంతలు వేలాడదియ్యండి. మైకు వెనకాల కాదు, అమ్మ వెనకాల, ఎందుకంటే మైకు చూసేది అటువైపు. ఇది చాలామంది తిరగేసి చేస్తారు.

లెవెల్ విషయం ఒక్క ముక్క. అమ్మ గట్టిగా పాడినచోట మీటరు మైనస్ 12 నుంచి మైనస్ 6 మధ్య ఆడాలి, సున్నాకి తగిలితే ఆ ముక్క పోయినట్టే, తర్వాత ఎవరూ బాగుచెయ్యలేరు. తక్కువైతే పెంచుకోవచ్చు. రికార్డింగ్ సెట్టింగు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, మోనో. అంతే, ఇంకేమీ ముట్టుకోకండి.


బీట్‌బాబు:

బ్రో పాటలు సూపర్ ఉంటాయి, అలాగే రా గా పెడితే ఎవరూ వినరు గానీ, నాకు పంపించండి, ఆటోట్యూన్ వేసి కింద ఒక లోఫై బీట్ పెట్టి రీల్స్‌కి చేసి ఇస్తా ఫ్రీగా. మెట్రోనోమ్ క్లిక్ పెట్టుకుని పాడమనండి, నిమిషానికి 90 బీట్లు, నాకు ఈజీ అవుద్ది.


అటకమీదవీణ:

బీట్‌బాబూ, నీ ఉత్సాహం బాగుంది నాన్నా, కానీ ఆ 71 ఏళ్ళావిడ చెవిలో టిక్కుటిక్కుమని పెట్టి చూడు, నీ చేతికే ఇచ్చి లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

నేను విజయనగరం దాన్ని, చిన్నప్పుడు వీణ నేర్చుకున్నాను, ఇప్పుడది అటకెక్కింది గానీ చెవి ఇంకా కిందే ఉంది. ఆటోట్యూన్ చేసే పని ఏమిటంటే పాడిన స్వరాన్ని కీబోర్డులో ఉన్న పన్నెండు మెట్లలో దగ్గరున్న మెట్టు మీదకి లాగి కూర్చోబెట్టడం. మన గమకం ఆ మెట్ల మధ్యనే కదా ఉండేది. తోడిలో గాంధారం తీసుకో, అది ఒకచోట నిలబడదు, ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపే గాంధారం. దాన్ని మెట్టుకి కొట్టేస్తే మిగిలేది హార్మోనియం. పెళ్లిపాటల్లో గమకం అంత ఉండకపోవచ్చు గానీ ఆ జీర, ఆ లాగుడు ఉంటాయి, అవి ఆ ఇంటివి, వాళ్ళమ్మ దగ్గర పట్టినవి. సరిచెయ్యాల్సిన తప్పులు కావు.

గోదారిగట్టు గారూ, మీరు మైకు గురించే అడిగారు గానీ నాకు అమ్మగారి సంగతే కళ్ళ ముందు కనిపిస్తోంది. ఈ పాటలు ఒక్కతే కూర్చుని మైకుకి పాడే పాటలు కావండీ. ఒకరు అందుకుంటే ఇంకొకరు తిప్పి పాడేవి, పని చేసుకుంటూ పాడేవి. ఆవిడ ఈడు వాళ్ళు ఊళ్ళో ఎవరైనా ఉంటే ఒకర్ని పిలవండి. పిలిచి కాఫీ ఇచ్చి వదిలెయ్యండి, ఒకరికి మర్చిపోయిన చరణం ఇంకొకరికి వస్తుంది. మా మేనత్తతో నేను అలాగే చేశాను. ఒక్కతీ కూర్చుంటే 4 పాటలు పాడి గొంతు పట్టేసిందంది, వియ్యపురాలు వచ్చి పక్కన కూర్చున్నాక సాయంత్రం దాకా ఆగలేదు, పోటీ మీద పాడింది.

శ్రుతి పెట్టెలు పెట్టి ఆవిణ్ణి కట్టెయ్యకండి. ఐదు కట్టై శ్రుతిలో మొదలెట్టి పాట అయ్యేసరికి ఐదున్నరలోకి జరిగితే జరగనివ్వండి. హెడ్‌ఫోన్స్ అసలే అక్కర్లేదు, కింద ఏమీ మోగనప్పుడు ఆవిడ వినాల్సిందేముంది? మీరు పెట్టుకుని వినండి, అది మాత్రం తప్పకుండా చెయ్యండి, పక్కింటి మోటారు ఎప్పుడు మొదలైందో మీకే తెలియాలి.

ఇంకొకటి. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ వాళ్ళు గౌహర్ జాన్ అనే గాయని చేత పాడించినప్పుడు ఆవిడ పాట చివర తన పేరు తనే గట్టిగా చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో, అక్కడ పనివాళ్ళకి ఏది ఎవరిదో తెలియాలి కదా. ఆ రోజుల్లో చాలామంది అలాగే చెప్పారు. మీరూ అదే చెయ్యండి. పాట అయ్యాక ఆపెయ్యకుండా అమ్మ చేతే చెప్పించండి, ఇది ఏ పాట, ఎప్పుడు పాడతారు, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఏ ఊళ్ళో. ఫైలు పేరు పోయినా ఆ మాట పోదు. మా మేనత్తవి నేను అలా చెయ్యలేదు, ఇప్పుడు 30 ఫైళ్ళున్నాయి, 8 పాటలు ఏ సందర్భానివో చెప్పేవాళ్ళు లేరు.


ఓరుగల్లు డప్పు:

అక్క చెప్పింది నూటికి నూరు కరెక్ట్. కానీ తమ్ముని మీద గంత ఎగురకుర్రి, గా పిల్లగాడు ఫ్రీగ చేస్తా అంటుండు. మా బాపు కథ మీద గూడ మా అన్న కొడుకు బీట్ ఏసిండు, పిల్లలు ఎగిరిండ్రు, బాపు గూడ ఖుష్ అయిండు. అసలు ఫైల్ ముట్టకుండ పక్కకు పెట్టుర్రి, కాపీ మీద ఏమన్న చేస్కోర్రి. అసలుది ఉన్నంతవరకు ఆట ఆడుకున్నా ఏం గాదు. ఒక్కటే, యూట్యూబ్‌ల పెట్టే ముందు అమ్మను అడుగు. మా తాన ఒక ముసలవ్వ పాట ఎవడో పెడితే, మా ఇంటి పాట బజార్ల పెట్టిండ్రని ఆమె రెండు నెలలు మాట్లాడలే.

కరెంట్ సంగతి ఎవ్వరు చెప్పలె. లాప్‌టాప్ చార్జర్ మీద ఉంటే కొన్ని ఇండ్లల్ల సన్నగ జుయ్‌మని వస్తది, మన కరెంట్ 50 హెర్ట్జ్ కద, ఎర్తింగ్ సక్కగ లేకుంటే అది మైకులకు దిగుతది. చార్జర్ పీకి బ్యాటరీ మీద నడుపు. పాత రకం ఇన్వర్టర్ మీద అసలే చెయ్యకు, బర్రుమంటది.


బీట్‌బాబు:

సారీ ఆంటీ, క్లిక్ కాన్సెల్ 😅 కాపీ ఇస్తే చాలు, ఆటోట్యూన్ వెయ్యను ప్రామిస్.


డల్లాస్ అల్లుడు:

చాలా రోజుల తర్వాత లాగిన్ అయ్యాను ఈ పోస్ట్ చూసి. నాది చిన్న మాటే. మా నాయనమ్మ పాటలు మా చెల్లి వాట్సాప్ వాయిస్ మెసేజుల్లో పంపేది, నేను డ్యూటీకెళ్తూ కార్లో వినేవాణ్ణి, ఎప్పుడూ సేవ్ చెయ్యలేదు. 2019లో ఫోన్ మార్చాను, బ్యాకప్ సరిగా ఎక్కలేదు. మిగిలినవి 3. అవి కూడా వాట్సాప్ బాగా నలిపేసిన ఫైళ్ళు, పై శబ్దాలన్నీ కోసేసి ఉంటాయి, వాటిని బాగుచెయ్యడానికి నేను కొనని సాఫ్ట్‌వేర్ లేదు, లేని శబ్దాన్ని ఎవడు తెస్తాడు.

కాబట్టి అమెరికాలో చుట్టాలకి పంపితే వాయిస్ మెసేజిలా కాకుండా డాక్యుమెంట్‌గా అటాచ్ చేసి పంపండి. అసలు ఫైలు డబ్ల్యూఏవీ (నలపని ఫైలు) గానే ఉంచండి. జోరీగ గారు చెప్పిన సెట్టింగులో గంటకి 520 ఎంబీ దాకా వస్తుంది, ఈ రోజుల్లో అదొక లెక్క కాదు. ఒక కాపీ లాప్‌టాప్‌లో, ఒకటి హార్డ్‌డిస్కులో, ఇంకోటి వేరే ఊళ్ళో మీ అక్క దగ్గరో ఎవరి దగ్గరో. మూడోది నాకు పంపినా పర్లేదు, నేను దాస్తాను.


గోదారిగట్టు:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు, ఏమని చెప్పను. మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్తాను.

స్ప్లిటర్ కొన్నాను, 120 రూపాయలు. మైకు కనిపించింది, జోరీగ గారు అన్నట్టే సన్నగా వచ్చింది. ఇంటర్‌ఫేస్ కొందామనుకుంటుండగా భీమవరంలో మా కొలీగ్ బావమరిది పెళ్లి వీడియోలు తీస్తాడు, అతని దగ్గర జూమ్ హెచ్1ఎన్ అని అరచేతిలో పట్టేంత రికార్డర్ ఉంది, రెండు సన్న బ్యాటరీలతో నడుస్తుంది, మైకులు దానికే ఉంటాయి. ముహూర్తాలు లేని నెల కదా తీస్కెళ్ళమన్నాడు. చార్జర్ గోలా లేదు, కరెంటు పోయినా బాధ లేదు. దానితోనే చేస్తున్నాం.

మా ఇంట్లో పాత పెంకుటింటి గది ఒకటి ఉంది, ధాన్యం బస్తాలు వేసేది. చప్పట్లు కొడితే తోక లేదు, చచ్చిన శబ్దం. బస్తాల మధ్య అమ్మకి నులకమంచం వేశాను, వెనకాల బొంత కట్టాను. పొద్దున్న నాలుగున్నరకి అయితే ఫ్యాను అవసరం లేదు, గుడి మైకు ఐదున్నరకి గానీ మొదలవ్వదు, ఆ గంట మాది.

ఇక్కడ ఎవ్వరూ చెప్పని ఇబ్బంది ఒకటొచ్చింది. గాజులు. అమ్మ తొడ మీద తాళం వేస్తూ గానీ పాడలేదు, వేస్తే గాజులు గలగల. తీసి పక్కన పెట్టమంటే నాన్నగారు బతికుండగా చేతులు బోసిగా పెట్టుకోమంటావా అని కేకలేసింది, నిజమే, నా బుద్ధి గడ్డి తింది. గాజులు మోచేతి దాకా పైకి నెట్టి చేతిరుమాలు చుట్టి, తొడ మీద దిండు పెట్టాను. ఇప్పుడు తాళం మెత్తగా దప్ దప్ అని పడుతోంది, అది బాగానే ఉంది.

వీణ గారు చెప్పినట్టు మా వీధి చివర అమ్మ స్నేహితురాలు ఉంటే పిలిచాను. ఇద్దరూ కూర్చుని ఊర్మిళాదేవి నిద్ర మొదలుపెట్టారు. అమ్మకి వచ్చిన పాఠం వేరు, ఆవిడకి వచ్చిన పాఠం వేరు. మధ్యలో ఆగి పోట్లాడుకున్నారు, మా అమ్మ చెప్పిందే రైటంటే మా అత్త చెప్పిందే రైటని. నేను ఆపకుండా రికార్డ్ చేశాను. ఆఖరికి ఇద్దరివీ విడివిడిగా పాడించాను. అలా ఇప్పటికి 19 పాటలయ్యాయి, ప్రతి పాట చివరా పేరూ ఊరూ చెప్పిస్తున్నాను, అమ్మ అది మాత్రం ఆకాశవాణి వాళ్ళలాగా గొంతు సవరించుకుని చెప్తోంది.

అప్పగింతల పాట పాడనంది. ఇంట్లో పెళ్లి లేకుండా ఊరికే పాడకూడదంట, కళ్ళనీళ్ళ పాట ఉత్తపుణ్యానికి ఇంట్లోకి పిలవకూడదంట. నేను బతిమాలలేదు. మా మేనకోడలికి సంబంధాలు చూస్తున్నారు, అప్పుడు పెళ్ళిలోనే తియ్యాలి, పందిట్లో అంతమంది మధ్యలో ఎలా తియ్యాలో మళ్ళీ మీ దగ్గరికే వస్తాను.

ఇప్పుడు నా ప్రశ్న. ఒక తలంబ్రాల పాటలో, మంచి పాట, 2 నిమిషాల 14 సెకన్ల దగ్గర పక్కింటి కోడి కూసింది. సరిగ్గా అమ్మ గొంతు మీదే పడింది. ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ అని ఉంది కదా, దాంతో కోడిని తియ్యొచ్చా?


చెవిలోజోరీగ:

ధాన్యం బస్తాలు!! 15 ఏళ్ళ నుంచి శబ్దాన్ని పీల్చే రాక్‌వూల్ గురించి ఉపన్యాసాలు ఇస్తున్నాను, ఇది నాకు తట్టలేదు. ఫోటో పెట్టండి.

నాయిస్ రిడక్షన్ కోడి మీద పనిచెయ్యదు. అది ఫ్యాను హోరులాగా మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండే శబ్దానికి. ముందు పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా వట్టి గదిని రికార్డ్ చేస్తారు, ఇదీ శబ్దం అని దానికి చూపిస్తారు, ఆ పోలిక ఉన్నదాన్ని తగ్గిస్తుంది. 6 డిబి కంటే ఎక్కువ తగ్గించకండి, గొంతు నీళ్ళలో మునిగినట్టవుతుంది. కోడి కూత ఒక్కసారి వచ్చి పోయేది, పైగా అమ్మగారి గొంతు ఉన్నచోటే అదీ ఉంది, కోడిని కోస్తే అమ్మగారి స్వరం కూడా తెగుతుంది. ఆ చరణం పల్లవి లాగా మళ్ళీ వస్తే రెండోసారి పాడింది అక్కడ అతికించొచ్చు, కానీ శ్రుతి కాస్త జరిగి ఉంటే అతుకు తెలిసిపోతుంది. తేలికైన దారి రేపు పొద్దున్న ఆ పాట ఒక్కటీ మళ్ళీ పాడించడం.


అటకమీదవీణ:

మళ్ళీ పాడించండి గానీ పాతది కూడా పారెయ్యకండి. రెండోసారి పాడినప్పుడు మాటలు మార్చి పాడొచ్చు ఆవిడ.


ఓరుగల్లు డప్పు:

రేపు నాలుగున్నరకు పోతవ్ గద, ముందుగాల పక్కింటోల్లను అడిగి గా కోడిని గంప కింద కమ్మిపియ్యి. చీకట్ల ఉంటే తొందరగ కూయదు.


గోదారిగట్టు:

ఆ కోడిని అడగాలంటే అమ్మే అడగాలి అన్నా, వాళ్ళింటావిడతో నాన్నగారికి పడదు. అమ్మకి పాత రికార్డింగ్ వినిపించాను, కోడి దగ్గర ఏమీ అనలేదు గానీ మూడో చరణంలో ఒక మాట మింగేశానంటోంది. రేపు మళ్ళీ పాడుతుంది.